గిర్ని మామ ఒక్కడే

హనుమకొండ

చిన్నూ, బుజ్జీ,

ఎక్స్‌ప్రెస్ అనే జావాస్క్రిప్ట్ సాధనంతో వెబ్ సర్వర్ రాస్తున్నారని మీ అమ్మ చెప్పింది, సంబరమైంది. "జావాస్క్రిప్ట్ నడిచేది ఒక్క థ్రెడ్‌లోనే అయితే వంద మందికి జవాబు ఎట్లా ఇస్తుంది?" అని బుజ్జి అడిగిందట. అడగాల్సిన ప్రశ్నే. థ్రెడ్ అంటే ఒకసారికి ఒక్క పనే చేసే పనివాడనుకోండి.

మన వీధి గిర్నిని తలుచుకోండి. మామ ఒక్కడే, మరలు మూడు: గోధుమలకు, జొన్నలకు, కారానికి. గోధుమలు పోసి ఆ మర ముందే నిలబడడు, తర్వాతి డబ్బా అందుకుంటాడు. గింజలు అయిపోగానే మర చప్పుడు మారుతుంది. అది విని వచ్చి పిండి ఎత్తి ఇస్తాడు.

ఆ చప్పుడే ఈవెంట్. జావాస్క్రిప్ట్‌ని బ్రౌజర్ బయట నడిపే నోడ్, 2009లో ర్యాన్ డాల్ తెచ్చింది, ఇట్లాగే నడుస్తుంది, ఎక్స్‌ప్రెస్ దాని మీద కట్టిందే. రిక్వెస్ట్ రాగానే గెట్టా (ఇమ్మనడం) పోస్టా (పంపడం), ఏ దారి (అడ్రస్) అడిగారు అని చూసి మీ ఫంక్షన్‌ని పిలుస్తుంది. ఆ ఫంక్షన్ డేటాబేస్‌ని ఏదైనా అడిగితే, "జవాబు వచ్చాక ఇది నడుపు" అని ఒక కాల్‌బ్యాక్ అప్పజెప్పి తప్పుకుంటుంది. ఆలోపు థ్రెడ్ ఇంకొకరి పని చూస్తుంది. జవాబు వచ్చిన కబురు అందగానే, ఈవెంట్లను వరుసగా చూసుకునే ఈవెంట్ లూప్ ఆ కాల్‌బ్యాక్‌ని నడుపుతుంది. ఫైళ్లు చదవడం వంటి వాటికి వెనక వేరే థ్రెడ్లుంటాయి, మామూలుగా 4. మీరు పంపే పెద్ద ఫొటో కూడా ముక్కలుగానే వస్తుంది: ముక్క అందినప్పుడల్లా 'డేటా' ఈవెంట్, ఆఖరున 'ఎండ్'.

మరి ఎండాకాలంలో ఎవరో బస్తా మిర్చి తెచ్చి "తొడిమలు కూడా నువ్వే తీయి మామా" అంటే? మామ కూర్చుని తీస్తుంటే మూడు మరలూ ఖాళీ, బయట డబ్బాల వరుస. ల్యాబ్‌లో పనిచేసే రోజుల్లో నేను ఈ తప్పే చేశాను. అందరి మార్కులూ లెక్కగట్టే పెద్ద లూప్‌ని ఒక్క రిక్వెస్ట్‌లో పెట్టాను. ఒకరు ఆ బటన్ నొక్కితే మిగతావాళ్లకు మొదటి పేజీ కూడా తెరుచుకోలేదు. ఎర్రర్ లేదు, టెన్షన్ మాత్రం చాలా పడ్డాను. ఆ లెక్కను వేరే ప్రాసెస్‌కి అప్పజెప్పాకే ఊపిరాడింది.

ఇంకొకటి. మిడిల్‌వేర్ (రిక్వెస్ట్‌కీ జవాబుకీ మధ్య నడిచే ఫంక్షన్) రాసినప్పుడు జవాబైనా పంపండి, తర్వాతి ఫంక్షన్‌కి అప్పజెప్పే 'నెక్స్ట్' అయినా పిలవండి. రెండూ మరిచిపోతే బ్రౌజర్ గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది.

ఈ ఆదివారం మూడు దారులు రాయండి. ఒకటి సెట్‌టైమవుట్‌తో 10 సెకన్లు ఆగి జవాబివ్వాలి. ఇంకొకటి వైల్ లూప్‌తో 10 సెకన్లు తిరగాలి. మూడోది వెంటనే 'నమస్తే' అనాలి. మొదటిది తెరిచి, అది ఆగి ఉండగానే పక్క ట్యాబ్‌లో నమస్తే తెరవండి. తర్వాత రెండోదానితో అట్లాగే చేయండి. నమస్తే ఎన్ని సెకన్లకు వచ్చిందో రెండుసార్లూ రాసి పంపండి.

మీ అమ్మమ్మ