పాత క్యాసెట్లలో సుయ్‌మనే చప్పుడు: అపోహలు - వాస్తవాలు

ఒగ్గుకథలు, చిందు యక్షగానాలు, బతుకమ్మ పాటలు, సాయుధ పోరాటం కళ్లారా చూసిన పెద్దల మాటలు... నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఇవన్నీ ఇంకా క్యాసెట్లలోనే ఉన్న ఇళ్లున్నాయి. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించేవాళ్లను ముందుగా విసిగించేది వెనకాల ఎడతెగకుండా వచ్చే సుయ్‌మనే చప్పుడు. దాన్ని తగ్గించే పనిలో సగానికి పైగా టేపు తిరుగుతున్నప్పుడే జరగాలి. సాఫ్ట్‌వేర్ వంతు ఆ తర్వాతే.

అపోహ: టేపు పాతబడి చెడిపోయింది కాబట్టే ఈ చప్పుడు.

రికార్డు చేసిన నాడే అది టేపులో ఉంది. క్యాసెట్ టేపు వెడల్పు 3.81 మిల్లీమీటర్లు, నడక సెకనుకు 4.76 సెంటీమీటర్లు. ఇంత సన్నగా, ఇంత నెమ్మదిగా నడిచే టేపు మీద అయస్కాంత రేణువుల గజిబిజి చెవికి తెలిసిపోతుంది. మైకు దూరంగా పెట్టి రికార్డు చేస్తే గొంతు చిన్నదై ఈ చప్పుడే పెద్దగా వినిపిస్తుంది. పైగా ఒక క్యాసెట్ నుంచి ఇంకో క్యాసెట్‌కు ఎక్కించినప్పుడు అది సుమారు 3 డెసిబెల్స్ పెరుగుతుంది. ఒకే కథ ఊళ్లో నలుగురి ఇళ్లల్లో ఉంటే, మొదటి టేపు ఎవరిదో కనుక్కుని అదే తీసుకోండి.

అపోహ: ఏ టేపు రికార్డర్‌లో వేసినా ఒకటే.

ఎక్కువ నష్టం చేసేది ఈ నమ్మకమే. ముందు టేపు మీది శబ్దాన్ని చదివే హెడ్డును, టేపు తగిలే ఇనుప భాగాలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో తుడవండి. రబ్బరు చక్రానికి తడి బట్ట చాలు. ఆ తర్వాత హెడ్డు పక్కన స్ప్రింగు మీద ఉండే చిన్న స్క్రూ చూడండి. అది హెడ్డు వంపును మారుస్తుంది. రికార్డు చేసిన మెషిన్ వంపు, మీ మెషిన్ వంపు కలవకపోతే చేతి తాళాల గలగల, మాటలోని స, శ, చ మొద్దుబారుతాయి, సుయ్‌మనే చప్పుడు మాత్రం తగ్గదు. స్క్రూ పాత స్థానం గుర్తు పెట్టుకుని, ఎడమ, కుడి చానళ్లు రెండింటినీ కలిపి ఒక్కటిగా (మోనోలో) వింటూ, మెల్లగా తిప్పండి. మాట బాగా విచ్చుకున్న చోట ఆపండి. ప్రతి క్యాసెట్‌కూ మళ్లీ చేయాల్సిందే.

ఇలా మోనోలో కలపడానికి ఇంకో లాభం ఉంది. మోనో రికార్డర్‌లో చేసిన టేపును స్టీరియో డెక్‌లో వాయిస్తే రెండు చానళ్లలోనూ ఒకే మాట ఉంటుంది, సుయ్ మాత్రం దేనిది దానికే వేరు. రెండూ కలిపితే గొంతు 6 డెసిబెల్స్ పెరిగితే చప్పుడు 3 మాత్రమే పెరుగుతుంది. ఏ ఫిల్టరూ వాడకుండానే 3 డెసిబెల్స్ మిగిలినట్టు! వంపు సరిచేయకుండా కలిపితే మాత్రం ట్రెబుల్ (సన్నని, పై స్థాయి) శబ్దాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

అపోహ: ట్రెబుల్ తగ్గిస్తే సరిపోతుంది.

సుయ్‌మనే చప్పుడు, హల్లుల పదును రెండూ ఉండేది ఆ ట్రెబుల్‌లోనే. ఒకదాన్ని కోస్తే రెండోదీ పోతుంది. డాల్బీ (సుయ్‌మనే చప్పుడును తగ్గించేందుకు డెక్‌లో ఉండే ఏర్పాటు) లేకుండా రికార్డు చేసిన టేపుకు డాల్బీ బటన్ నొక్కినా ఇదే గతి.

అపోహ: సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ రిడక్షన్ (చప్పుడు తగ్గింపు) ఎంత ఎక్కువ పెడితే అంత శుభ్రం.

ఎక్కువైతే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు ఉంటుంది, వెనకాల సన్నని కిలకిలలు మొదలవుతాయి. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 6 నుంచి 9 డెసిబెల్స్ దగ్గర మొదలుపెట్టండి. తర్వాత 'రెసిడ్యూ' ఎంచుకుని, తీసేస్తున్నది ఏమిటో వినండి. అందులో మాట అర్థమవుతోందంటే మీరు కోస్తున్నది మనిషి గొంతునే. వెనక్కి తగ్గండి.

నాయిస్ ప్రొఫైల్ (ఏది చప్పుడో సాఫ్ట్‌వేర్‌కు చూపే నమూనా) కోసం టేపు మొదట్లో రికార్డు కాని ఖాళీ చోటు తీసుకోవద్దు. మైకు సర్క్యూట్ చప్పుడు, ఆ గది చప్పుడు అక్కడ ఉండవు. మరి కథకుడు చాలాసేపు ఆగిన చోటు? అదీ సందేహమే. చాలా చిన్న రికార్డర్లు లెవెల్‌ను వాటంతటవే సర్దుకుంటాయి, మనిషి ఆగగానే మైకులోని చప్పుడును మెల్లగా పైకి లేపుతాయి. వాక్యం ముగిసిన వెంటనే దొరికే అర సెకను నిశ్శబ్దమే నమ్మదగ్గది. 'గుయ్' అనే కరెంటు మోత వేరే సంగతి. దాన్ని 50, 100, 150 హెర్ట్జ్ దగ్గర నాచ్ ఫిల్టర్‌తో (ఒక్క సన్నని పట్టీని మాత్రమే కోసే ఫిల్టర్) ముందే తీసేయాలి.

అపోహ: ఎంపీ3గా ఎక్కించుకుని తర్వాత శుభ్రం చేసుకోవచ్చు.

ఎంపీ3 కొంత శబ్దాన్ని ముందే పారేస్తుంది, దాని మీద నాయిస్ రిడక్షన్ వికటిస్తుంది. లైన్ అవుట్ నుంచి యూఎస్‌బీ సౌండ్ కార్డు లైన్ ఇన్‌కు కలిపి, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలుగా, పెద్ద శబ్దాలు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా తీసుకోండి. ల్యాప్‌టాప్ మైక్ రంధ్రంలో పెడితే దాని చప్పుడూ తోడవుతుంది. స్టీరియోలో గంటకు సుమారు 1 జీబీ. శుభ్రం చేయని ఈ ఫైలును ఎప్పటికీ చెరపొద్దు.

అపోహ: బూజు పట్టిన క్యాసెట్‌ను ఎండలో పెడితే బాగవుతుంది.

మన వేసవి ఎండకు డబ్బా వంకరపోతుంది. వేడికి టేపు ఒక చుట్టలోని శబ్దం పక్క చుట్టకు అంటుకుని, మాటకు ముందే దాని నీడ వినిపిస్తుంది. బూజు ఉన్నదాన్ని మెషిన్‌లో పెట్టకుండా, మిగతా వాటికి దూరంగా, పొడిగా ఉండే నీడలో విడిగా ఉంచండి.