వీడియోలో ఉంది కదా తాతయ్యా?

బుజ్జికీ, చిన్నోడికీ, సాయంత్రం పూట వాళ్ళతో కింద ఆడుకునే జట్టు పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న శివరాత్రి నాడు ఫోన్‌లో బుజ్జి అడిగినదానికి అప్పుడే చెప్పేవాణ్ణి గానీ, గుడి దగ్గర మైకు హోరులో నీ మాట నాకు సగం, నా మాట నీకు సగం వినపడింది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. నువ్వడిగింది ఇదీ: "మీ చిన్నప్పుడు శివరాత్రికి తెల్లవార్లూ తోలుబొమ్మలాట ఆడేవాళ్ళని, ఇప్పుడు లేదని బాధపడతావు కదా తాతయ్యా, అది యూట్యూబ్‌లో ఉంది, నేను చూశాను. వీడియో తీసి పెట్టుకున్నాక ఇంక పోయేదేముంది?"

బాగా అడిగావమ్మా. సంస్కృతిని కాపాడుకోవాలని సభల్లో పెద్దవాళ్ళు గట్టిగానే చెబుతారు, కాపాడటమంటే పొద్దున లేచి ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు. నువ్వు నేరుగా అక్కడికే వచ్చావు.

రాత్రి పడుకోబోయే ముందు మీ నాయనమ్మ చేసే ఆఖరి పని ఏందో గుర్తుందా? పాలు తోడు పెట్టడం. కాచిన పాలు గోరువెచ్చగా అయ్యేదాకా ఆగుతుంది, నిన్నటి పెరుగు ఒక్క చెంచా వేసి కలుపుతుంది, మూతపెట్టి ఎవరి చెయ్యీ తగలని మూలన పెడుతుంది. పొద్దునకి గడ్డ పెరుగు. అందులోంచి రేపటికని ఒక చెంచా పక్కన పెట్టాకే మనకి అన్నంలోకి వడ్డిస్తుంది. మా జేజెమ్మ దగ్గర్నుంచి మా అమ్మకి, మా అమ్మ దగ్గర్నుంచి మీ నాయనమ్మకి ఇట్టాగే వచ్చింది ఆ చెంచాడు పెరుగు. ఇప్పుడు చెప్పు, ఆ పెరుగు చాలా బాగుందని దాన్ని ఫోటో తీసి దాచుకున్నావనుకో, ఆ ఫోటోతో పాలు తోడుకుంటాయా? పోనీ పెరుగునే గిన్నెతో సహా ఫ్రిజ్‌లో పెట్టి, ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా నెలల తరబడి ఉంచావనుకో, అదీ పనికిరాదు. తోడు ఉండాలంటే రోజూ వాడుతూనే ఉండాలి. వీడియో అంటావా, అది పెరుగు ఫోటో. మంచి ఫోటోనే, ఉండాల్సిందే, ఒకప్పటి పెరుగు ఎంత గట్టిగా ఉండేదో చూపించడానికి పనికొస్తుంది. దాంతో మాత్రం పాలు తోడుకోవు.

ఇంకాస్త చెప్పాలంటే నేను చూసిన ఆట సంగతి చెప్పాలి. ఆత్మకూరు అవతల మా ఊళ్ళో శివాలయం ముందు ఖాళీ స్థలంలో ఆడేవాళ్ళు. బొమ్మలాట వాళ్ళు బండి మీద పెద్ద పెట్టె వేసుకుని మధ్యాహ్నానికే దిగేవాళ్ళు. రాటలు పాతి, మన పంచెల్లాంటి తెల్లటి గుడ్డ బిగించి కట్టి, వెనక దీపం పెట్టేవాళ్ళు. మా నాయన చిన్నతనంలో ఆముదం దీపాలట, నా నాటికి పెట్రోమాక్స్ లైటు వచ్చింది. ఉపవాసం ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు అందరం గోనెపట్టాలు పరుచుకుని కూర్చునేవాళ్ళం. పెద్దలు జాగారం పుణ్యం కోసం మేలుకునేవాళ్ళు, పిల్లలం భీముడి కోసం మేలుకునేవాళ్ళం.

మా ఊళ్ళో ఎక్కువగా అడిగి ఆడించుకునేది విరాటపర్వం. విరాటపర్వం ఆడినా చదివినా వానలు పడతాయని మన వైపు నమ్మకం, మెట్ట ఊరు కదా, వాన పేరు చెబితే ఎవరూ కాదనరు. ఆ విరాటపర్వం నుంచి మొదలుపెట్టి పదిహేను పర్వాలు తెలుగు చేసిన తిక్కన 13వ శతాబ్దంలో మన నెల్లూరులోనే, మనుమసిద్ధి రాజు దగ్గర ఉన్నవాడు. ద్రౌపది కీచకుణ్ణి హెచ్చరించే పద్యం ఆయనది ఒకటుంది, మీరు పెద్దయ్యాక తప్పకుండా చదువుతారు. నేను దాన్ని పుస్తకంలో చదవడానికి చాలా ముందే ఆ గుడ్డ వెనక నుంచి విన్నాను. అర్థం తెలియలేదు, అయినా ఒళ్ళు జలదరించింది.

ఒకసారి మెల్లగా లేచి గుడ్డ వెనక్కి పోయాను. అక్కడ చూసింది ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. ద్రౌపది గొంతు ఒకామెది, ఒళ్ళో పసిబిడ్డ నిద్రపోతున్నాడు, చేతిలో తాళాలు, పద్యం మాత్రం ఎక్కడా తెగలేదు. పెద్దాయన రెండు చేతుల్లో రెండు బొమ్మలు. కాళ్ళ కింద చెక్కలు, యుద్ధం వచ్చినప్పుడల్లా వాటి మీద టపటపా తొక్కుతుంటే ముందు కూర్చున్నవాళ్ళకి గుండెలు అదిరేవి. తలపాగాలో ఈత ముళ్ళు గుచ్చుకుని ఉన్నాడు, కదలక్కర్లేని బొమ్మని గుడ్డకు ఆనించి ముల్లుతో గుచ్చేసి ఇంకో బొమ్మ అందుకునేవాడు. ఆ బొమ్మలు అందిస్తున్నది నా ఈడు పిల్లవాడు! ఎవరూ ఏమీ చెప్పకుండానే కీచకుడి బొమ్మ తీసి సరిగ్గా సమయానికి చాచాడు. వాడికి బడిలో ఎవరూ నేర్పలేదు, పుస్తకం లేదు. రోజూ రాత్రి ఆ గుడ్డ వెనక కూర్చుని కూర్చుని కథ మొత్తం వాడి చేతుల్లోకి వచ్చేసింది. ఇంకో వింత చెప్పనా, ఈ ఆట ఆడే కుటుంబాల్లో చాలామంది ఇళ్ళల్లో మాట్లాడుకునేది మరాఠీ యాస. పాడేది మాత్రం తెలుగు పద్యం, మనకంటే స్పష్టంగా.

అయితే మా ఊరి జనం అంత పొద్దుపోయేదాకా కూర్చున్నది భీముడి కోసమూ, పద్యాల కోసమూ మాత్రమే అనుకోకండి. కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు అని హాస్యపు బొమ్మలుంటాయి. కథ మధ్యలో ఎప్పుడంటే అప్పుడు దూరిపోయి కబుర్లు చెబుతాయి. ఆ ఏడు మా చేదబావి గిలక విరిగి, ఎవరూ పట్టించుకోక, ఆడవాళ్ళు నానా అవస్థలు పడుతున్నారు. ఆటవాళ్ళు పగలు నీళ్ళకి పోయినప్పుడు సంగతి తెలుసుకున్నట్టున్నారు. రాత్రి విరాటరాజు కొలువు మధ్యలో కేతిగాడు వచ్చి బంగారక్కతో, "ఈ ఊళ్ళో నిన్ను పెళ్ళాడి కాపురం ఎట్టా చేసేదే, గిలక లేని బావిలో నీళ్ళు చేదేదెట్టా?" అన్నాడు. ఊరంతా గొల్లున నవ్వింది. ముందు వరసలో కూర్చున్న పెద్దమనుషులూ నవ్వారు. ఆ వారంలోనే కొత్త గిలక వచ్చింది.

చూశావా బుజ్జీ, తోడు నిన్నటిదే గానీ పాలు ఏ పూటవి ఆ పూటవే. భీముడు, ద్రౌపది, ఆ పద్యం, బొమ్మ చేసే పనితనం తోడు. గిలక విరిగిన బావి, ఆ రాత్రి ఎదురుగా కూర్చున్న జనం కొత్త పాలు. రెండూ కలిస్తేనే పెరుగు. నువ్వు చూసిన వీడియోకి మీ ఊరి పేరు తెలియదు, మీ బావి సంగతి తెలియదు, నువ్వు నవ్వావో నిద్రపోయావో కూడా దానికి పట్టదు.

ఇదెంత పాతదో కూడా ఒక్కమాట చెబుతా. వందల ఏళ్ళ కిందటి కవి పాల్కురికి సోమన తన పండితారాధ్య చరిత్ర అనే కావ్యంలో, శ్రీశైలంలో శివరాత్రి వేడుకలు వర్ణిస్తూ, చీర మరుగున భారతం కథలు బొమ్మలతో ఆడించేవాళ్ళ గురించి రాశాడు. శ్రీశైలానికి తూర్పు వాకిలి అనే త్రిపురాంతకం మనకి ఉత్తరానే కదా, ఆ దారిన శివరాత్రికి కొండెక్కిన మన వైపు జనం ఎంతమంది ఆ గుడ్డ ముందు కూర్చున్నారో! అన్ని వందల ఏళ్ళు ఆ చెంచాడు పెరుగు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి చేతులు మారుతూ వచ్చిందన్నమాట, మధ్యలో ఒక్క తరం తోడు వెయ్యడం మానేసినా మనదాకా వచ్చేది కాదు.

మరి ఎందుకు ఆగిపోయింది? టూరింగ్ టాకీసు వచ్చింది, తర్వాత టీవీ వచ్చింది, జనం అటు పోయారు. అంతకంటే పెద్ద కారణం అన్నం. అప్పట్లో ఆడినందుకు ఊరు వడ్లో జొన్నలో కొలిచి ఇచ్చేది. గింజలు ఇవ్వడం ఆగింది, ఆ స్థానంలో డబ్బు సరిగ్గా రాలేదు. బొమ్మలు అందించిన ఆ పిల్లవాడి లాంటివాళ్ళు కూలికి పోయారు. వాళ్ళ తప్పేముంది? కళ గొప్పదని చప్పట్లు కొట్టి, ఆడినవాణ్ణి ఖాళీ చేతులతో పంపే ఊరికి ఆ కళ పోయిందని ఏడ్చే హక్కు లేదు. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి. ఎక్కడైనా హరికథో, చెక్కభజనో, బొమ్మలాటో చూస్తే ఊరికే రాకండి, మీ డబ్బాలో డబ్బులే అయినా సరే, ఇచ్చి రండి.

మా ఇంట్లో తోడు అయిపోతే మా అమ్మ గిన్నె ఇచ్చి నన్ను పక్కింటికి తరిమేది. బొమ్మలాటకీ అట్టాంటి పక్కిల్లు ఒకటి మిగిలింది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇంకా తోలుబొమ్మలు చేస్తున్నారు. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. ఆట గిరాకీ తగ్గితే వాళ్ళు అదే తోలుతో దీపాల మీద కప్పే తొడుగులు, గోడకి తగిలించే బొమ్మలు చేసి అమ్ముతున్నారు. కొంతమంది దాన్ని చిన్నచూపు చూస్తారు. నాకు మాత్రం వాళ్ళకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. మేకతోలు నానబెట్టి, వెంట్రుక గీకి, లాగి మేకులు కొట్టి ఆరబెట్టి, వెలుగు దూరేంత పల్చగా చెయ్యడం, దాని మీద నగ నగకీ ఉలితో చిల్లులు పొడవడం, రెండు వైపులా రంగు వెయ్యడం, ఈ చేతిపని వాళ్ళ వల్లే బతికుంది. రావణుడి లాంటి పెద్ద బొమ్మకి నాలుగైదు తోళ్ళు పడతాయి. దీపం తొడుగు చేసిన చెయ్యి రేపు ఎవరైనా అడిగితే రావణుణ్ణీ చెయ్యగలదు. తోడు ఉంది. పాలు పట్టుకుని వెళ్ళేవాళ్ళు కావాలి.

మీ అమ్మానాన్నలకి కూడా ఒక మాట చెప్పండి, ఈ ఉత్తరం చదివి వినిపించినా సరే. పాలు మరీ వేడిగా ఉన్నప్పుడు తోడు వేస్తే విరుగుతుంది, చల్లారిపోయాక వేస్తే తోడుకోదు. పిల్లల్ని కూర్చోబెట్టి, ఇది మన సంప్రదాయం, తప్పక నేర్చుకోవాలి, పరీక్ష పెడతాం అని టెన్షన్ పెడితే విరుగుతుంది. పెద్దయ్యాక చూసుకుంటార్లే అని వదిలేస్తే చల్లారిపోతుంది. మీ వయసు గోరువెచ్చటి వయసు. ఒకసారి వేశాక గిన్నె కదపకూడదు కూడా, వచ్చిందా రాలేదా అని గంటగంటకీ మూత తీసి చూడకూడదు.

చిన్నోడు అడగాలనుకుని అడగని ప్రశ్న ఒకటుందని నాకు తెలుసు: తోలుముక్క అంత నిజంగా ఎట్టా కనపడుతుంది? భీముడి చెయ్యి మోచేతి దగ్గర దారంతో ముడివేసిన రెండు ముక్కలు, అంతే, నేను వెనక నుంచి చూశాను. అయినా ముందుకొచ్చి కూర్చోగానే మళ్ళీ భయపడ్డాను. తెలిసి తెలిసీ ఎందుకు భయపడ్డానో నేను చెప్పలేనురా. వెలుగుకీ, గుడ్డకీ, చూసేవాడి కంటికీ మధ్య ఏదో జరుగుతుంది. నేను చెబితే వచ్చేది కాదు, మీరే చూడాలి.

రెండు కుర్చీల మధ్య నాన్న తెల్ల పంచె బిగించి కట్టండి. వెనక టార్చి పెట్టి గదిలో లైట్లు ఆపండి. అట్టతో భీముణ్ణి కత్తిరించండి, చెయ్యి విడిగా కత్తిరించి దారంతో ముడివెయ్యండి, వీపుకి చీపురు ఈనె కట్టండి. నగలున్న చోట సూదితో చిల్లులు పొడవండి. కిరీటం దగ్గర అట్ట కోసేసి, నూనె రాసిన పల్చటి కాగితం అతికించి రంగు వెయ్యండి. బొమ్మని గుడ్డకి పూర్తిగా ఆనించి చూడండి, తర్వాత మెల్లగా దీపం వైపు వెనక్కి లాగండి, ఏమవుతుందో ఒకరు తప్పకుండా ముందు కూర్చుని చూడాలి, వంతులేసుకోండి. కథ ఏదైనా సరే, మధ్యలో కేతిగాణ్ణి మాత్రం మర్చిపోవద్దు. మీ లిఫ్ట్ చెడిపోయి నెల దాటినా ఎవరూ పట్టించుకోవట్లేదన్నారుగా, ఆ సంగతి కేతిగాడితో చెప్పించండి, మీ అపార్ట్‌మెంట్ పెద్దలందర్నీ పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టి.

వేసవి సెలవులకి వచ్చేటప్పుడు ఆ బొమ్మల్ని మడత పడకుండా రెండు అట్టల మధ్య పెట్టి తెచ్చుకోండి. రాటలు, ఈత ముళ్ళు, తొక్కడానికి రెండు చెక్కలు నేను సిద్ధం చేసి ఉంచుతా. ద్రౌపది పద్యం బుజ్జి పాడాలి, వారానికి ఒక పాదం చొప్పున ఆదివారం ఫోన్‌లో చెబుతా, నోటు పుస్తకంలో రాసుకోకుండా విని పట్టుకోవాలి.

మీ తాతయ్య