స్పానిష్ భవిష్యత్ కాలం: అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో నా దగ్గర స్పానిష్ నేర్చుకునేవారిలో చాలామంది, వర్తమాన కాలం పూర్తయ్యేసరికే అలసిపోయి, భవిష్యత్ కాలం అంతకంటే కష్టమని ముందే నిశ్చయించుకుంటారు. నిజానికి ఆ భాషలో నేర్పడానికి నాకు అత్యంత ఇష్టమైన పాఠం ఇదే.

అపోహ: క్రియ చివరనున్న ఆర్, ఏర్, ఈర్‌లను తీసేసి ప్రత్యయం చేర్చాలి.

వాస్తవం: అది వర్తమాన కాలపు పద్ధతి. ఇక్కడ దేనినీ తీసేయకూడదు. ‘మాట్లాడటం’ అనే అర్థమున్న అబ్లార్‌ను పూర్తిగా ఉంచి, దాని చివర ప్రత్యయం చేర్చితే చాలు: నేను అబ్లరే, నువ్వు అబ్లరాస్, ఆమె అబ్లరా, మేము అబ్లరేమోస్, వాళ్లు అబ్లరాన్. స్పెయిన్‌లో చనువున్న నలుగురితో ‘మీరు’ అనేటప్పుడు అబ్లరేయిస్. మొన్న ఒక విద్యార్థిని బోర్డు మీద ‘మన్యానా అబ్లే’ అని రాసింది. ఆర్ ఎగిరిపోవడంతో ఆ వాక్యం ‘రేపు మాట్లాడాను’గా మారిపోయింది! ఈ తప్పు పోవాలంటే కారణం తెలియాలి. లాటిన్ వ్యవహారంలో ‘మాట్లాడవలసి ఉంది’ అన్నట్టుగా, క్రియ పూర్తి రూపం పక్కన ‘కలిగి ఉండటం’ అనే అర్థమున్న సహాయక క్రియను వాడేవారు. కాలక్రమంలో ఆ రెండు మాటలూ కలిసిపోయి, సహాయక క్రియ అరిగి ప్రత్యయమైంది, మొదటి మాట మాత్రం చెక్కుచెదరకుండా నిలిచింది.

అపోహ: మూడు క్రియావర్గాలకు మూడు రకాల ప్రత్యయాలు ఉంటాయి.

వాస్తవం: అన్నింటికీ ఒకటే వరుస. తినడం కొమేర్, తింటాను కొమెరే. జీవించడం బిబీర్, జీవిస్తాను బిబిరే. ‘కలిగి ఉండటం’ అనే అర్థమున్న తెనేర్ తెన్‌ద్రే కావడం వంటి మార్పులు సుమారు డజను క్రియలకే పరిమితం. అక్కడా మారేది మూలమే, ప్రత్యయం కాదు.

అపోహ: స్పానిష్ రాతలో ఈ రూపాల్లోని అచ్చు మీద పెట్టే గీత (á, é) అలంకారం మాత్రమే.

వాస్తవం: అబ్లరా అని చివరి అక్షరాన్ని ఊని పలికితే ‘మాట్లాడుతుంది’. గీత తీసేస్తే ఊనిక మధ్యకు జరిగి అబ్లార అవుతుంది. అది సందేహాన్నో కోరికనో తెలిపే వాక్యాల్లో వచ్చే వేరే రూపం. ఒక్క అబ్లరేమోస్‌కే గీత అక్కర్లేదు, ఎందుకంటే అచ్చుతోగాని, న్, స్‌లతోగాని ముగిసే మాటలో ఊనిక సహజంగానే చివరి నుంచి రెండో అక్షరం మీద పడుతుంది.

అపోహ: ఈ రూపాలు జరగబోయే పనులకే పనికొస్తాయి.

వాస్తవం: హైదరాబాద్ నుంచి వచ్చే చుట్టం కోసం ఎదురుచూస్తూ ‘ఈపాటికి బస్సు జనగామ దాటి ఉంటుంది’ అంటాం కదా, ఆ ‘ఉంటుంది’ రేపటి సంగతి కాదు, ఊహ. గడియారం చూడకుండా ‘మూడై ఉంటుంది’ అనడానికి స్పానిష్‌వారు కూడా భవిష్యత్ రూపంతోనే ‘సెరాన్ లాస్ త్రేస్’ అంటారు.