చెట్టుకో క్రెడిట్, ఏటా చెక్కు: అడవి డబ్బుపై అపోహలు - వాస్తవాలు

"ఎకరాకు ఎంతొస్తుంది?"

ఫోన్ ఎత్తగానే వినపడే మొదటి మాట ఇదే. నేను బెంగళూరులో కార్బన్ ప్రాజెక్టుల కాగితాలు తనిఖీ చేసే పనిలో ఉన్నాను. చెట్లు పీల్చుకున్న కార్బన్‌ను లెక్కగట్టి, తమ పొగకు బదులు చూపించుకునే కంపెనీలకు క్రెడిట్లుగా అమ్మే ప్రాజెక్టులివి. క్రెడిట్లు కొనబోయేవాళ్లకు "ఇందులో చెట్లు నిజంగా ఉన్నాయా, లెక్క సరిగ్గా ఉందా" అని చూసిపెట్టడం మా పని. తెలుగు వచ్చు కాబట్టి హిందూపురం, కదిరి, మదనపల్లె వైపు నా నంబరు చేతులు మారుతూ ఉంటుంది. ఫోన్ చేసేవాళ్లలో సగం మంది రైతులు, మిగతా సగం వైట్‌ఫీల్డ్‌లోనో ఎలక్ట్రానిక్ సిటీలోనో ఉద్యోగం చేస్తున్న వాళ్ల పిల్లలు. అందరికీ విడివిడిగా చెప్పి చెప్పి గొంతు పోతోంది కాబట్టి ఇక్కడ రాసేస్తున్నా.

అపోహ: ప్రతి చెట్టుకూ ఒక కార్బన్ క్రెడిట్ వస్తుంది, ఏటా డబ్బు పడుతుంది

ముందు దీని సంగతి తేల్చాలి. మిగతా అపోహల వల్ల వాట్సాప్‌లో వాదనలు మాత్రమే జరుగుతాయి, దీనివల్ల డబ్బు పోతోంది.

క్రెడిట్ అంటే ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్. చెట్టు కాదు. ఎండిన కలప బరువులో దాదాపు సగం కార్బన్ ఉంటుంది. దాన్ని 3.67తో గుణిస్తే కార్బన్ డయాక్సైడ్ లెక్క వస్తుంది. వేళ్లతో సహా 100 కిలోల పొడి బరువున్న చెట్టు తీసుకోండి. అందులో కార్బన్ 50 కిలోలు, కార్బన్ డయాక్సైడ్‌గా సుమారు 183 కిలోలు. అంటే అలాంటి చెట్లు ఐదారు కలిస్తే ఒక్క క్రెడిట్. అదీ ఏటేటా కాదు, మొక్క నాటిన రోజు నుంచి ఇప్పటిదాకా మొత్తం కలిపి.

ఎకరాలో అలాంటివి 200 చెట్లు పదేళ్లకు బతికి నిలబడ్డాయనుకుందాం. సీమ వానలకు అదే గొప్ప. మొత్తం 36 టన్నులు. టన్నుకు 1,000 రూపాయలు పలికిందనుకున్నా పదేళ్లకు 36,000, నెలకు 300. కేబుల్ బిల్లుకు సరిపోతుంది.

ఆ 300 కూడా మొత్తం మీ చేతికి రాదు. రేపు నిప్పంటుకున్నా, కరవుకు చెట్లు ఎండినా పూడ్చడానికి రిజిస్ట్రీ (క్రెడిట్లను నమోదు చేసి జారీ చేసే సంస్థ) కొన్ని క్రెడిట్లను బఫర్‌లో పెట్టుకుంటుంది. కళ్లంలో తరుగు తీసినట్టు అది ముందే పోతుంది. తర్వాత ఆడిటర్ ఖర్చు, రిజిస్ట్రీ రుసుము, ప్రాజెక్టు నడిపే కంపెనీ వాటా. సగం మిగిలితే అదృష్టం. పైగా లేత మొక్కల్లో కొలవడానికి పెద్దగా కార్బన్ ఉండదు కాబట్టి మొదటి వెరిఫికేషన్ (చెట్లు కొలిచి క్రెడిట్లు తేల్చే తనిఖీ) వచ్చేసరికే కొన్నేళ్లు పడుతుంది. "వచ్చే ఉగాదికి మొదటి చెక్కు" అని ఎవరైనా అంటే ఆ మాట దగ్గరే లేచి వచ్చేయండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఇప్పటికే ఉన్న చెట్లు లెక్కలోకి రావు. తాత నాటిన చింతచెట్టు, ఇరవై ఏళ్ల మామిడితోట ఈ డబ్బు రాకముందే ఉన్నాయి కదా, వాటికెందుకిస్తారు? ఈ డబ్బు వల్ల కొత్తగా పెరిగినదానికే క్రెడిట్. అడిషనాలిటీ అంటే అదే. "మరి ఉన్నవి కొట్టేసి కొత్తవి నాటితే?" అని ఒకాయన నిజంగానే అడిగాడు. నాటడం కోసం అక్కడ సహజంగా పెరిగినదాన్ని తొలగిస్తే, ఆ తర్వాత పదేళ్ల దాకా వెర్రా లాంటి రిజిస్ట్రీల ప్రమాణాల కింద ఆ భూమి అసలు పనికే రాదు. కొండవాలున తంగేడు, బలుసు, చిట్టీత పొదలున్న నేలను జేసీబీ పెట్టి చదును చేసి, తర్వాత మాకు ఫోన్ చేసేవాళ్లున్నారు. అప్పటికి చెప్పడానికి ఏమీ మిగలదు. ఆ పొదల్లోనే కౌజులూ కుందేళ్లూ ఉండేవి, అది ఇంకో బాధ.

ఇక బెంగళూరు స్పెషల్ ఒకటుంది. మా అపార్ట్‌మెంట్‌లో ఆదివారం పూట మేనేజ్డ్ ఫామ్‌ల్యాండ్ (పొలం ముక్కలు అమ్మి, సాగు తామే చూసుకునే) వాళ్లు టేబుల్ వేసుకుని కూర్చుంటారు. బాగేపల్లి దాటాక పావెకరం ముక్కలు, శ్రీగంధం, ఎర్రచందనం మొక్కలు, డ్రిప్పు, ఫెన్సింగు. పదిహేనేళ్లకు నరికి అమ్మితే కోట్లు, ఈలోగా ఏటా కార్బన్ క్రెడిట్లు అని బ్రోచర్. కొనేవాళ్లలో మనవాళ్లే ఎక్కువ. ఊళ్లో పొలం అమ్ముకుని వచ్చామన్న బెంగ ఒకటి ఉంటుంది కదా, ఈ పావెకరం దానికి మందు. అందుకు కొనుక్కుంటే నాకే అభ్యంతరం లేదు. కానీ నరకబోయే చెట్టుకు పూర్తి క్రెడిట్లు ఎవరూ ఇవ్వరు. కోత ఉన్న తోటలో నాటడం, నరకడం, మళ్లీ నాటడం అన్నీ కలిపి దీర్ఘకాలిక సగటు ఎంతో అంతవరకే ఇస్తారు. ఒకే చెట్టును కలపకు ఒకసారి, కార్బన్‌కు ఒకసారి పూర్తి ధరకు అమ్మలేరు. "మీ ప్రాజెక్టుకు రిజిస్ట్రీ నంబరెంత?" అని అక్కడున్న అబ్బాయిని అడిగా. "అది లీగల్ టీమ్ దగ్గర ఉంటుంది మేడమ్" అన్నాడు. ఆ నంబరు లీగల్ టీమ్ దగ్గర దాచిపెట్టేది కాదు. వెర్రా, గోల్డ్ స్టాండర్డ్ రిజిస్ట్రీలు ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. నంబరు దొరికినా స్థితి ఏమిటో చూడండి. "అండర్ డెవలప్‌మెంట్" అని ఉంటే పేరు రాయించుకున్నారని మాత్రమే అర్థం. ఒక్క క్రెడిట్ కూడా పుట్టలేదు.

అపోహ: సంతకం పెట్టాం కాబట్టి భూమి పోయినట్టే

ఇది భయపడిపోయినవాళ్ల కోసం. కదిరి దగ్గర పల్లె నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశాడు. ఏజెంటు వచ్చి పాసుబుక్కు జిరాక్సు, ఆధారు తీసుకుని, "రిజిస్ట్రేషన్ ఫీజు" అని డబ్బు కట్టించుకుని, ఇంగ్లీషు కాగితాల మీద వేలిముద్రలు వేయించుకున్నాడు. ఆ తర్వాత ఊళ్లో ఎవరో "భూమి నలభై ఏండ్లు విదేశీ కంపెనీకి రాసిచ్చినావు" అన్నారట. మనిషికి నిద్ర లేదు.

"అమ్మా, నా కొడుకులకు మొహమెట్ల సూపించేది? రెండెకరాలమ్మా, అంతే ఉండేది."

"పెదనాయినా, ఆ సంతకం రిజిస్ట్రారాఫీసులో పెట్టినావా, ఇంట్లోనా?"

"మా ఇంటి అరుగు మింద."

"అట్లయితే భూమి యాడికీ పోలేదు. రేపు పోయి ఈసీ తీపించుకో, నీ పేరే ఉంటాది."

ఈసీ అంటే భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపించే కాగితం. స్థిరాస్తి అమ్మకం రిజిస్టర్ దస్తావేజు లేకుండా జరగదు. అరుగు మీద వేసిన వేలిముద్రకు పొలం చేతులు మారదు. వారం తర్వాత ఆయనే చేసి ఈసీలో తన పేరే ఉందని చెప్పాడు. కట్టిన ఫీజు మాత్రం రాలేదు.

అయితే ఒప్పందం ఉత్త కాగితమని కాదు. భూమి మీదే అయినా, 30, 40 ఏళ్ల పాటు అందులోని కార్బన్ మీద హక్కు వాళ్లదని రాసి ఉండొచ్చు. చెట్టు కొట్టాలంటే అనుమతి, మధ్యలో తప్పుకుంటే జరిమానా, గొడవొస్తే ఏ ఊళ్లో తేల్చుకోవాలి, పొలం అమ్మితే కొన్నవాడు కూడా కట్టుబడాలా అన్నవి చదవాలి. తెలుగులో రాసి ఇవ్వమనండి. ఒకే సర్వే నంబరులోని కార్బన్‌ను రెండు ప్రాజెక్టుల్లో లెక్కపెట్టడం కుదరదు, కాబట్టి "ఇంకొకడు ఎక్కువిస్తానన్నాడు" అని మళ్లీ సంతకం పెట్టొద్దు. ఫీజు విషయం ఒక్క ముక్కలో చెబుతా. నా దగ్గరికొచ్చిన మంచి ప్రాజెక్టుల్లో రైతు దగ్గర పైసా తీసుకున్నది ఒక్కటీ లేదు. మొక్కలు, గుంతలు, సర్వే, ఆడిట్ ఖర్చు పెట్టుబడిదారు ముందుగా పెట్టుకుంటాడు. ఈ వ్యాపారం తీరే అది.

మిగతావి గబగబా.

అపోహ: గ్రీన్ క్రెడిట్, కార్బన్ క్రెడిట్ ఒకటే

కావు. గ్రీన్ క్రెడిట్ కేంద్ర ప్రభుత్వ పథకం. దాని నియమాలు 2023 అక్టోబరులో వచ్చాయి, నడిపేది డెహ్రాడూన్‌లోని భారత అటవీ పరిశోధన, విద్యా మండలి. మొక్కల పెంపకానికి సంబంధించి అది ప్రధానంగా క్షీణించిన అటవీ భూములకు. డబ్బు సంస్థలు కడతాయి, అటవీ శాఖ నాటుతుంది. మొదట్లో చెట్టుకో క్రెడిట్ అన్న మాట అక్కడే ఉండేది, మన పుకారు కూడా అక్కడి నుంచే పుట్టి ఉండాలి. 2025లో దాన్నీ మార్చి, ఐదేళ్ల తర్వాత 40 శాతం నేలను చెట్ల కొమ్మలు కప్పితేనే క్రెడిట్ అన్నారు. మీ రెండెకరాలకు దీనితో పని లేదు.

అపోహ: మన దేశంలోనే కార్బన్ మార్కెట్ వచ్చేసింది, చెట్లు అక్కడ అమ్ముకోవచ్చు

కేంద్రం కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకం 2023లో నోటిఫై అయింది, నిజమే. అందులో ముఖ్యపాత్ర సిమెంటు, అల్యూమినియం లాంటి పరిశ్రమలది. 2025 మార్చిలో తొలి విడతగా ఇచ్చిన ఆఫ్‌సెట్ (ఆ పరిశ్రమల బయటివాళ్లు స్వచ్ఛందంగా క్రెడిట్లు సంపాదించే) విధానాల్లో చెట్లకు సంబంధించింది మడ అడవుల పెంపకం. అనంతపురంలో మడ అడవి ఎక్కడుందో నాకైతే తెలీదు.

అపోహ: అడవికి డబ్బంతా విదేశాల నుంచే వస్తుంది

చదువుకున్నవాళ్ల అపోహ ఇది. మన అడవి డబ్బులో పెద్ద భాగం మనదే. అడవి భూమిని గనికో, రోడ్డుకో మళ్లించినప్పుడు ఆ సంస్థ కట్టే సొమ్ము కంపా (పోయిన అడవికి బదులు అడవి పెంచే) నిధికి పోతుంది. అడవుల రక్షణపై నడిచిన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశాలతో మొదలై, 2016 చట్టంతో స్థిరపడింది. 2019 ఆగస్టులో ఒకేసారి 47,000 కోట్లకు పైగా రాష్ట్రాలకు బదిలీ చేశారు. అయితే మరచిపోకండి, అది ఒక అడవి పోయినందుకు వచ్చిన డబ్బు.

ఇంతకన్నా పెద్దది ఎవరికీ పట్టనిది. కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటా పంచేటప్పుడు 14వ ఆర్థిక సంఘం అడవులకు 7.5 శాతం వెయిటేజీ ఇచ్చింది, 15వది దాన్ని 10 శాతం చేసింది. అడవి కాపాడుకున్న రాష్ట్రానికి ఖజానాలో కనబడే లాభం అది. దాన్ని అడవి మీదే ఖర్చు పెట్టాలన్న షరతు మాత్రం లేదు, రోడ్లకూ జీతాలకూ పోవచ్చు. నన్నడిగితే, పోరాడాల్సింది ఏదైనా ఉంటే ఇక్కడ.

బయటి సొమ్ము సంగతి. ధనిక దేశాలు వాతావరణ సాయంగా 2020 నాటికి ఏటా 100 బిలియన్ డాలర్లు పేద దేశాలకు ఇస్తామని 2009లో అన్నాయి, ధనిక దేశాల కూటమి ఓఈసీడీ లెక్క ప్రకారమే 2022లో గానీ అందుకోలేదు, అందులోనూ ఎక్కువ భాగం అప్పు. 2024లో బాకు వాతావరణ సదస్సులో 2035 నాటికి ఏటా 300 బిలియన్లు అన్నారు. మన ప్రతినిధి అక్కడే అభ్యంతరం చెప్పారు. 2025 నవంబరులో బ్రెజిల్ మొదలుపెట్టిన ఉష్ణమండల అడవుల నిధి ఇస్తానంటున్నది, నిలబడి ఉన్న అడవికి ఏటా హెక్టారుకు సుమారు 4 డాలర్లు. ఎకరాకు సుమారు 150 రూపాయలు. పలు దేశాలు కలిసి ఆలోచించిన ధర అది. ఇప్పుడు మీ ఏజెంటు చెప్పిన ధర పక్కన పెట్టి చూసుకోండి.

అపోహ: అయితే ఇదంతా మోసమే

ఇది మళ్లీ ఇంకో కొసకు పోవడం. 2003లోనే ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడ ఆదివాసీ మహిళలకు, కానుగ నూనె వల్ల మిగిలే 147 టన్నులకు ప్రపంచ బ్యాంకు 645 డాలర్లు కట్టింది. చిన్న మొత్తమే, కానీ లెక్క ఖచ్చితం. ఆ ఫామ్‌ల్యాండ్ ముక్కలు అమ్మే బాగేపల్లిలోనే, తెలుగు మాట్లాడే కూలీ కుటుంబాల 5,500 గోబర్ గ్యాస్ ప్లాంట్ల ప్రాజెక్టు 2005లో ఐక్యరాజ్యసమితి కార్బన్ క్రెడిట్ పథకం సీడీఎం కింద నమోదైంది. అక్కడ డబ్బు కన్నా ముందు వచ్చింది పొగలేని వంటిల్లు, కట్టెల మోపు తప్పిన నడుము.

అరకులో నాంది ఫౌండేషన్, లైవ్లీహుడ్స్ ఫండ్ కలిసి గిరిజన రైతుల పొలాల్లో కాఫీ, పండ్ల చెట్లు, నీడ చెట్లు నాటించాయి. పెట్టుబడి ముందు ఫండ్ పెట్టింది, క్రెడిట్లు దాంట్లో వాటాలున్న కంపెనీలకు పోతాయి, కాఫీ గింజ, పండు రైతువి. రైతుకు అసలు రాబడి ఆ గింజే. ఏ ప్రాజెక్టు అయినా కార్బన్ డబ్బు సున్నా వేసుకుని చూడండి. అప్పటికీ ఆ చెట్టు మీకు గిట్టుబాటయితేనే నాటండి.

ఇంకా అనుమానం ఉంటే ఫోన్ చేయండి, ఆదివారం అయినా పర్వాలేదు. ప్రాజెక్టు నంబరు, ఒప్పందం అన్ని పేజీలు పంపండి. బ్రోచర్ ఫొటో మాత్రం పంపొద్దు.