షుగర్ దిగట్లేదా, చిగుళ్ళు కూడా చూపించుకోండి

షుగర్ ఉన్నవాళ్ళు కళ్ళు చూపించుకుంటారు, కిడ్నీ టెస్టులు చేయించుకుంటారు, పాదాలకి పుండ్లు పడకుండా చూసుకుంటారు, నోటి సంగతి మాత్రం పన్ను సలిపి నిద్ర పట్టనప్పుడే గుర్తొస్తుంది. బ్రష్ చేస్తే రక్తం వస్తుంటే బ్రష్ గట్టిదేమో అనుకుని వదిలేస్తారు. చిగుళ్ళ జబ్బు షుగర్ వల్ల వచ్చే ఆరో కాంప్లికేషన్ అని హెరాల్డ్ లో (Harald Löe) అనే దంత శాస్త్రవేత్త 1993లోనే రాశారు. అమెరికాలో అరిజోనాలో ఉండే పీమా తెగ వాళ్ళని పరీక్షిస్తే, షుగర్ ఉన్నవాళ్ళకి ఈ జబ్బు వచ్చే అవకాశం దాదాపు మూడు రెట్లు ఎక్కువని తేలింది.

అసలు లోపల ఏం జరుగుతుందంటే, పంటికీ చిగురుకీ మధ్య చిన్న సందు ఉంటుంది, ఆరోగ్యంగా ఉన్నప్పుడు 3 మిల్లీమీటర్లు దాటదు. అందులో పాచి చేరి గట్టిపడి గార అవుతుంది, దాన్ని పట్టుకుని బ్యాక్టీరియా పెరుగుతాయి, వాటిని చంపడానికి న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు వస్తాయి. వీటి ఆయుధం మనం పీల్చే ఆక్సిజనే! దానికి ఒక ఎలక్ట్రాన్ అంటగట్టి సూపర్ఆక్సైడ్ చేస్తాయి, దాన్నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్, దాన్నుంచి హైపోక్లోరస్ యాసిడ్, అంటే బావిలో బ్లీచింగ్ పౌడర్ కలిపితే నీళ్ళలో పుట్టేదే. సూక్ష్మజీవి చావడం ఖాయం, కానీ ఆ యాసిడ్‌కి మన పర తేడా లేదు కదా, పక్కనున్న చిగురు కణాలు కూడా దెబ్బతింటాయి, పంటిని పట్టి ఉంచే కొల్లాజెన్ చెడిపోతుంది, వాపు అలాగే నెలలు, ఏళ్ళు ఉండిపోతే కింద ఎముక కూడా కరుగుతుంది. మామూలుగా ఒంట్లోనే ఉండే గ్లూటాథయోన్ లాంటి యాంటీఆక్సిడెంట్లు ఈ దాడిని చల్లార్చేస్తుంటాయి, అవి చాలకపోయినప్పుడు వచ్చేదే ఆక్సిడేటివ్ స్ట్రెస్.

ఇప్పుడు దీనికి షుగర్ తోడైందనుకోండి. కణాల్లోకి గ్లూకోజ్ ఎక్కువగా వచ్చి పడితే కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియా నుంచే సూపర్ఆక్సైడ్ లీకవుతుంది. ఇంకోపక్క గ్లూకోజ్ వెళ్ళి ప్రోటీన్లకి అతుక్కుంటుంది, పాలు మరిగించి కోవా చేస్తుంటే రంగు తిరుగుతుంది చూడండి, ఆ తరహా రసాయన చర్యే ఒంట్లో చాలా నెమ్మదిగా నడుస్తుంది (హెచ్‌బీఏ1సీ అనే మూడు నెలల షుగర్ టెస్టు కొలిచేది కూడా హిమోగ్లోబిన్‌కి ఇలా అతుక్కున్న గ్లూకోజ్‌నే). అలా మారిన ప్రోటీన్లు చిగుళ్ళలోని కణాలని రెచ్చగొట్టి వాపు పెంచుతాయి. న్యూట్రోఫిల్స్ కూడా ముందే రెచ్చిపోయి ఉంటాయి, కొంచెం కదిలిస్తే చాలు సూపర్ఆక్సైడ్ లాంటి ఆక్సిడెంట్లు ఎక్కువ వదులుతాయి.

ఇది ఒకవైపు నుంచే కాదు. చిగుళ్ళ వాపులో పుట్టే టీఎన్ఎఫ్, ఐఎల్-6 లాంటి రసాయనాలు రక్తంలో కలిసి ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి, షుగర్ పెరుగుతుంది, పెరిగిన షుగర్ మళ్ళీ చిగుళ్ళని తినేస్తుంది.

మరి చిగుళ్ళు బాగుచేస్తే షుగర్ తగ్గుతుందా? 2013లో అమెరికాలో 514 మందిపై చేసిన ట్రయల్‌లో తగ్గలేదు, కానీ వాళ్ళలో ట్రీట్‌మెంట్ తర్వాత కూడా వాపు చాలావరకు మిగిలే ఉందని విమర్శలొచ్చాయి. 2022లో, వైద్య పరిశోధనలని కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ వాళ్ళు 35 ట్రయల్స్ కలిపి చూస్తే మూడు నాలుగు నెలలకి హెచ్‌బీఏ1సీ సగటున 0.43 పాయింట్లు తగ్గింది, అంటే 8.0 ఉన్నవాళ్ళకి దాదాపు 7.6. నా దృష్టిలో ఇది చిన్న విషయం కాదు, అలాగని మందులు మానేసేంతా కాదు. యాంటీఆక్సిడెంట్ మాత్రలు మింగితే సరిపోదా అంటే, గార అక్కడే ఉన్నన్నాళ్ళూ న్యూట్రోఫిల్స్ వస్తూనే ఉంటాయి, ముందు తీయాల్సింది దాన్ని.

క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయని మన దగ్గర చాలామందికి భయం, అది వింటే నాకు నిజంగా బాధేస్తుంది. ఎముక కరిగి పళ్ళు అప్పటికే వదులయ్యాయి, మధ్యలో గార సిమెంటులా పట్టుకుని ఉండటంతో తెలియలేదు, అంతే. తీశాక వాపు దిగి సందులు కనిపిస్తాయి, కొన్నాళ్ళు చల్లటివి తాగితే జివ్వుమంటుంది. సిగరెట్ తాగేవాళ్ళు ఇంకా జాగ్రత్త, వాళ్ళకి జబ్బు ముదిరినా రక్తం తక్కువే వస్తుంది కాబట్టి బయటపడదు. డెంటిస్ట్ దగ్గరికి వెళ్ళినప్పుడు షుగర్ ఉందని, ఏ మందులు వాడుతున్నారో ముందే చెప్పండి, ఇన్సులిన్ వేసుకుని టిఫిన్ తినకుండా మాత్రం వెళ్ళొద్దు, కుర్చీలోనే షుగర్ పడిపోవచ్చు.