ఝాల్‌మురీలో పచ్చి ఆవనూనె ఎందుకు పోస్తారు?

ఝాల్‌మురీ అంటే మన మరమరాల మిక్చరే కదా అని ఇంట్లో వేరుశనగ నూనెతో కలుపుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. తినడానికి బాగానే ఉంటుంది కానీ అది ఝాల్‌మురీ కాదు. కోల్‌కతా వైపు లోకల్ రైళ్లలో మెడకు డబ్బాల బుట్ట తగిలించుకుని తిరిగేవాళ్ల దగ్గర ఒక్కసారి తింటే తేడా నాలుక కంటే ముందు ముక్కుకు తెలుస్తుంది. ఆ తేడా పచ్చి ఆవనూనెది.

అమ్మేవాడు కలిపే తీరు దగ్గర్నుంచి చూడాలి. ఒక డబ్బాలో మురీ, అంటే మన మరమరాలు, వేస్తాడు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఉడికిన బంగాళాదుంప ముక్కలు, మొలకెత్తిన శనగలు, పల్లీలు, చనాచూర్ అనే కారం మిక్చర్, వేయించిన జీలకర్ర వాసన కొట్టే మసాలా, పైన చిన్న సీసాలోంచి ఆవనూనె. చెంచాతో టకటకా తిప్పేసి కాగితం పొట్లంలోకి ఒంపి, పైన సన్నటి కొబ్బరి ముక్క గుచ్చి చేతికిస్తాడు. నిమిషం కూడా పట్టదు. స్టేషన్ వచ్చేస్తుందన్న తొందర ఒక్కటే కాదు, మరమరాల స్వభావమే అంత తొందర పెడుతుంది.

పచ్చి బియ్యాన్ని వేడి ఇసుకలో వేస్తే మాడుతుంది తప్ప అంతగా పొంగదు. అందుకే మురీకి ఉప్పుడు బియ్యం కావాలి. వడ్లను నానబెట్టి ఉడికించినప్పుడు గింజలోని పిండిపదార్థం జిగురుగా మారి, ఆరాక గాజులా గట్టిపడుతుంది, పగుళ్లు కూడా పూడుకుపోతాయి. ఆ బియ్యానికి ఉప్పునీళ్లు పట్టించి, కొంచెం తేమ మిగిలేలా ఆరబెట్టి, 200 డిగ్రీలు దాటిన ఇసుకలో పోస్తే, ఇసుక గింజను అన్ని వైపులా ఒకేసారి కాలుస్తుంది, లోపలి తేమ ఆవిరైపోతుంది, మెత్తబడ్డ పిండిని ఆవిరి బయటికి తోస్తుంది, గింజ కొన్ని సెకన్లలోనే పొంగి, ఆవిరి పోయాక అదే ఆకారంలో బిగుసుకుంటుంది. మిగిలేది పల్చటి గోడలు, వాటి మధ్య గాలి. కరకర అనేది ఆ గోడలు విరిగే చప్పుడే.

ఆ గోడలకు నీళ్లంటే పడదు. కొంచెం తేమ పీల్చినా పిండి మళ్లీ మెత్తబడుతుంది, విరగాల్సిన గోడ వంగుతుంది. రాయలసీమలో ఉగ్గాని చేసేవాళ్లు ఈ గుణాన్నే కావాలని వాడుకుంటారు: బొరుగుల్ని నీళ్లలో తడిపి, ఆ నీళ్లు పిండేసి, తాలింపులో వేసి, పప్పుల పొడి చల్లుతారు, పక్కన మిరపకాయ బజ్జీ. అక్కడ మెత్తదనమే రుచి. ఝాల్‌మురీలో మాత్రం ఉల్లిపాయ, దోసకాయ, టమాటా ముక్కల్లోంచి నీరు దిగేలోపు తినెయ్యాలి. నూనె పూత ఆ నీటిని కొంతవరకు ఆపుతుంది, ఎక్కువసేపు కాదు.

అయితే నీటిని ఆపడమే పనైతే ఏ నూనైనా చాలు. ఆవనూనే ఎందుకంటే దాని ఘాటు కోసం, ఆ ఘాటు వెనకున్న కెమిస్ట్రీ నాకు చాలా ఇష్టం. ఆవగింజలో ఘాటు తయారుగా ఉండదు. సినిగ్రిన్ అనే పదార్థం ఒకచోట, మైరోసినేజ్ అనే ఎంజైమ్ వేరే కణాల్లో విడివిడిగా ఉంటాయి. పురుగు కొరికినా, రోట్లో నూరినా, గానుగలో నలిగినా కణాలు చితికి రెండూ కలుస్తాయి, తేమ తగిలితే అల్లైల్ ఐసోథయోసయనేట్ అనే ఘాటు పదార్థం పుడుతుంది. మొక్కకు అది పురుగుల మీద ఆయుధం. పొడి ఆవపిండిని వాసన చూడండి, పెద్దగా ఏమీ ఉండదు, నాలుగు చుక్కల నీళ్లు చిలకరించి కాసేపాగి చూస్తే కళ్లు చెమరుస్తాయి.

ఎంజైమ్ వేడికి చచ్చిపోతుంది. తాలింపులో చిటపటలాడిన ఆవాలకు కమ్మదనం ఉంటుంది కానీ ఘాటుండదు, కారణం ఇదే. అరటికాయ కూరలో ఆవ పెట్టేటప్పుడు పొయ్యి మీంచి దించాకే కలపాలని మన అమ్మమ్మలు చెప్పేది కూడా వేడి వల్లే, పుట్టిన ఘాటు కూడా వేడికి తేలిగ్గా ఆవిరైపోతుంది. బెంగాలీలు చేపల కూరకి ఆవనూనెను పొగ వచ్చేదాకా కాచి ఘాటు తగ్గిస్తారు, ఝాల్‌మురీకి మాత్రం పచ్చిగానే పోస్తారు.

మిరపకాయ మంట వేరే దారిలో వస్తుంది. మిరపలోని క్యాప్సైసిన్ ఆవిరి కాదు, నోట్లోనే కూర్చుని, నరాల చివర్లలో వేడిని పసిగట్టే టీఆర్‌పీవీ1 అనే రిసెప్టర్‌ను తట్టిలేపుతుంది. దాన్ని కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్‌కు 2021 వైద్య నోబెల్‌లో వాటా దక్కింది. ఆవ ఘాటు టీఆర్‌పీఏ1 అనే మరో రిసెప్టర్‌ను తాకుతుంది, ఆవిరి రూపంలో గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కి, నషాళానికంటి, కొన్ని క్షణాల్లో దిగిపోతుంది. ఝాల్‌మురీ పిడికెడు నోట్లో వేసుకుంటే మొదట ముక్కు, తర్వాత నాలుక. వేరుశనగ నూనె పోస్తే మొదటి సగం పోయినట్టే.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు ఇండియన్ స్టోర్‌లో ఆవనూనె సీసా మీద 'పైపూతకు మాత్రమే' అని చూసి కంగారు పడుతుంటారు. ఆవనూనెలో ఎరూసిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం ఎక్కువ. ఎలుకలకు బాగా తినిపిస్తే గుండె కండరంలో కొవ్వు చేరిందని తేలడంతో అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని వంటనూనెగా ఒప్పుకోలేదు. మనుషుల్లో అలాంటి హాని రుజువు కాలేదు, మన దేశంలో అది మామూలు వంటనూనే. నాకైతే ఎరూసిక్ ఆమ్లం కంటే కల్తీ ఎక్కువ భయం. 1998లో ఢిల్లీలో బ్రహ్మదండి గింజల నూనె కలిసిన ఆవనూనె తిని ఒళ్లు వాచి పదుల సంఖ్యలో జనం చనిపోయారు. లూజు నూనె కొనకండి.

ఇంట్లో చేసుకునేవాళ్లు 'కచ్చీ ఘానీ' (వేడి చెయ్యకుండా గానుగాడించింది) అని రాసున్న సీల్డ్ సీసా తెచ్చుకోండి. రెండు గుప్పిళ్ల మరమరాలకు ఒక చిన్న చెంచా చాలు, వేడి చెయ్యొద్దు. మరమరాలు మెత్తబడి ఉంటే ముందుగా మూకుట్లో వేయించి చల్లార్చండి, నూనె, మసాలా పట్టించాకే ఉల్లిపాయ, టమాటా వెయ్యండి. న్యూస్‌పేపర్ పొట్లం మాత్రం వద్దు, సిరా నూనెలోకి దిగుతుంది, గిన్నెలో తినండి.