తోట షెడ్డు, తూర్పు వాన: అపోహలు - వాస్తవాలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీర మండలాల్లో తోట షెడ్లు వేయడం, పాతవాటిని బాగుచేయడం నా వృత్తి. గూడూరు వైపు నిమ్మతోటలు, ఉలవపాడు వైపు మామిడితోటలు, కొత్తపట్నం దారిలో సరుగుడు తోపులు. ఎక్కడికి వెళ్లినా షెడ్డులో ఉండే సామాను దాదాపు ఒకటే: పారలు, గునపాలు, స్ప్రేయరు, డ్రిప్పు పైపుల చుట్టలు, ఎరువుల బస్తాలు, మోటారు స్టార్టరు. రేకు తుప్పు పట్టినా, గుంజ పుచ్చిపోయినా యజమానులు చెప్పే కారణం కూడా ఒకటే: "వానకు పోయింది." నేను ఒప్పుకోను. వానలో తడిసి గాలికి ఆరిపోయే షెడ్డు ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఎక్కడో ఒక సందులో తడి చేరి, అక్కడే ఉండిపోయినప్పుడు రేకూ కర్రా చెడిపోతాయి. నాకు ఎదురయ్యే అపోహల్లో సగం ఈ తేడా గమనించకపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: షెడ్డు మరమ్మతులన్నీ జూన్ లోపు ముగిస్తే ఏడాదికి నిశ్చింత.

కేరళను రుతుపవనాలు తాకాయని వార్త రాగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. ఆ హడావుడి మన జిల్లాలకు సరిపోదు. నైరుతి మేఘాలు పడమటి కనుమల అవతలే చాలావరకు కురిసేస్తాయి. నెల్లూరులో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు నెలల మధ్య ఈశాన్య రుతుపవనాలతోనే వస్తుంది, దాన్నే తూర్పు వాన అంటాం. పెద్ద దెబ్బలు తగిలిందీ ఎక్కువగా ఆ కాలంలోనే. 1989లో కావలి దగ్గర తీరం దాటిన తుపాను, 2015, 2021 సంవత్సరాల వరదలు నవంబరులో వచ్చాయి. మిచౌంగ్ తుపాను 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది.

మేలో బిగించిన స్క్రూ అక్టోబరుకు అంతే బిగువుగా ఉంటుందనుకోవడం కూడా పొరపాటే. ఆరు మీటర్ల ఇనుప రేకు వేడిలో 40 డిగ్రీల తేడా వస్తే దాదాపు 3 మిల్లీమీటర్లు సాగుతుంది. మధ్యాహ్నం సాగి, రాత్రికి ముడుచుకుంటుంది. ఎండాకాలమంతా రోజూ ఇదే తంతు. స్క్రూ చుట్టూ రంధ్రం వదులవుతుంది, వాషరు రబ్బరు పెళుసుబారుతుంది. అందుకే పైకెక్కి ప్రతి స్క్రూనూ చేత్తో తాకి చూడాల్సిన సమయం ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు మూడో వారం వరకు. హస్త కార్తె వచ్చేసరికి నిచ్చెన దింపేయాలి. రంగు పనికి మాత్రం ఫిబ్రవరి, మార్చి మంచివి. అప్పుడు కూడా ఉదయపు మంచు పూర్తిగా ఆరాకే బ్రష్షు పట్టాలి. రోహిణి ఎండలో కాలిపోతున్న రేకు మీద రంగు వేస్తే పైపొర ముందే ఆరి బుడగలు లేస్తుంది.

అపోహ: జింకు రేకుకు తుప్పు పట్టదు.

జింకు తాను కరుగుతూ ఇనుమును కాపాడుతుంది. జింకు అయిపోయిన రోజు నుంచి తుప్పు మొదలు. కాబట్టి అడగాల్సింది పూత ఎంత ఉందని. చదరపు మీటరుకు రెండు వైపులా కలిపి 120 గ్రాముల జింకు ఉన్న రేకు, 275 గ్రాములు ఉన్న రేకు దుకాణంలో ఒకేలా మెరుస్తాయి. బేరమంతా రేకు మందం మీదే నడుస్తుంది, పూత సంగతి ఎవరూ ఎత్తరు. సముద్రానికి దగ్గర్లో మందం కాస్త తగ్గినా ఫరవాలేదు గానీ పూత తగ్గకూడదని నా అభిప్రాయం. అల్యూమినియం 55 శాతం, మిగతాది దాదాపు అంతా జింకు ఉండే పూత రేకులు ఉప్పుగాలికి ఇంకా బాగా తట్టుకుంటాయి. కాకపోతే వాటికి పచ్చి సిమెంటు పడదు. గొడ్ల కొట్టంలో పేడ, మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా కూడా పడదు. పశువులను కట్టే చోట వాటిని వాడవద్దు.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. తీరంలోని షెడ్లలో వాన నేరుగా తగిలే కప్పు కన్నా, వాన తగలని చూరు లోపలి వైపు, తూర్పు గోడ రేకు పైభాగం ముందుగా తుప్పు పడతాయి. కప్పు మీది ఉప్పును ప్రతి వానా కడిగేస్తుంది. చూరు కింద పేరుకున్న ఉప్పును కడిగేవారు లేరు. ఉప్పు గాలిలోని తేమను పీల్చి రేకును రోజంతా చెమ్మగా ఉంచుతుంది. దగ్గర్లో రొయ్యల చెరువులుంటే ఏరేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) చిమ్మే తుంపర దీనికి తోడు. మందు ఏమిటంటే నీళ్లే: సంక్రాంతి తరువాత ఒకసారి, మేలో ఒకసారి చూరు లోపలి వైపు గొట్టంతో కడగాలి. తీర గ్రామాల్లో బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి, వాటితో కడిగితే ఉప్పు మీద ఉప్పు చల్లినట్టే. మంచినీళ్లు వాడండి. రంగు వేసే ముందు కూడా ఇదే నియమం. ఉప్పు కడగకుండా, తుప్పు గీకకుండా రెడ్ ఆక్సైడ్ పూస్తే అది మరుసటి ఏడాదే పొరలుగా ఊడుతుంది.

కొత్త రేకులు కొని తోటలో ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన పట్టా కప్పి వదిలేయడం ఇంకో అలవాటు. రేకుల మధ్య చేరిన నీరు ఆరదు, వారాల్లోనే తెల్లటి పొడి పడుతుంది. బిగించకముందే పూత తినేసినట్టు. ఒక కొస ఎత్తుగా పెట్టి, రేకుకూ రేకుకూ మధ్య చెక్క పలకలు ఉంచితే చాలు.

అపోహ: తుపాను వస్తే కప్పు మీద ఇసుక బస్తాలు వేయాలి.

లెక్క వేద్దాం. గంటకు 100 కిలోమీటర్ల గాలి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 47 కిలోల బరువుతో సమానం. పదడుగులు, పన్నెండడుగుల కప్పు వైశాల్యం 11 చదరపు మీటర్లు, అంటే మొత్తం మీద అర టన్ను. అదంతా పైకి లాగే బలం. అంచుల దగ్గర, మూలల దగ్గర ఇంకా ఎక్కువ. కప్పు రేకుల సొంత బరువు 50 కిలోల చుట్టుపక్కల. నాలుగు బస్తాలు దాన్ని ఆపలేవు. మిచౌంగ్ తీరం దాటినప్పుడు గాలి ఆ వేగంలోనే ఉంది. బస్తాల బదులు రాళ్లు, ఇటుకలు పెట్టేవారున్నారు, రేకు లేచినప్పుడు అవి ఎవరి మీద పడతాయో చెప్పలేం. పైగా తుపాను వెళ్లాక బస్తాలు దింపేవారు అరుదు. సముద్రపు ఇసుక అయితే తడి, ఉప్పు రెండూ కలిసి బస్తా కింది రేకును నెలల తరబడి తింటాయి. రేకులు విప్పినప్పుడు బస్తా ఆకారంలోనే చిల్లులు కనిపిస్తాయి.

గాలిని ఆపేది బిగింపు. చూరు, కొప్పు, రెండు పక్క అంచుల వెంట స్క్రూలను మధ్య భాగం కన్నా రెట్టింపు దగ్గరగా వేయాలి. చూరు మీదుగా అడ్డంగా ఒక ఇనుప పట్టీ పరిచి పర్లిన్లకు (రేకుల కింద అడ్డంగా వేసే వాసాలకు) బిగిస్తే రేకు అంచు లేవదు. పర్లిను దూలానికి, దూలం గుంజకు, గుంజ నేలలోని కాంక్రీటు దిమ్మకు గట్టిగా పట్టి ఉండాలి. ఈ వరుసలో ఒక్కచోట మేకుతో సరిపెట్టినా గాలి అక్కడే విరుస్తుంది. రేకులు పరిచేటప్పుడు పడమటి కొస నుంచి మొదలుపెట్టి తూర్పుకు రావాలి. అప్పుడు ప్రతి పై రేకు అంచూ పడమటికి తిరిగి ఉంటుంది, తూర్పు గాలి వాన దాని కిందికి దూరదు. చాలా షెడ్లలో ఈ ఒక్క విషయం తిరగబడి ఉంటుంది, ఎందుకంటే పనివాడు రోడ్డు వైపు నుంచి మొదలుపెడతాడు.

దీనికి తోడు రెండు చిన్న అపోహలు. "తలుపులు తెరిస్తే గాలి వెళ్లిపోతుంది" అంటారు. గాలికి ఎదురుగా ఉన్న తలుపు తెరిస్తే లోపలి నుంచి కప్పును నెడుతుంది, బయటి నుంచి ఎలాగూ లాగుతోంది. మూసి, లోపల అడ్డకర్ర వేయాలి. "వాలు తక్కువ పెడితే గాలి తగలదు" అనేది రెండోది. దాదాపు చదునుగా ఉన్న కప్పు మీదే పీల్చే బలం ఎక్కువ. 20 నుంచి 30 డిగ్రీల వాలు గాలికీ మంచిది, నీళ్లు జారడానికీ మంచిది.

అపోహ: లోపల చుక్కలు పడుతున్నాయంటే పైన చిల్లు ఉన్నట్టే.

డిసెంబరు, జనవరి తెల్లవారుజామున వాన లేకుండానే చుక్కలు పడితే అది మంచు. రాత్రి రేకు చల్లబడుతుంది, లోపలి గాలిలోని తేమ దాని అడుగున నీరుగా మారుతుంది. తడి మట్టి నేల ఉన్న షెడ్లలో ఇది మరీ ఎక్కువ. పైన ఎంత సిలికాన్ పూసినా ఆగదు. కొప్పు దగ్గర, చూరు కింద గాలి ఆడే సందు వదిలి ఎలుకలు రాకుండా జాలీ బిగించాలి. నేల మీద కడప బండలు పరిస్తే కింది నుంచి వచ్చే తేమ కూడా తగ్గుతుంది.

నిజంగా చిల్లే ఉంటే? తడి రేకు మీద, దుమ్ము మీద సిలికాన్ పట్టదు. తారు పూస్తే కింద తుప్పు కనపడకుండా పెరుగుతుంది. రెండు రూపాయలు ఆదా చేద్దామని వాషరు మార్చకుండా ఇంత తతంగం ఎందుకో నాకు అర్థం కాదు. పాత స్క్రూ తీసి, కాస్త లావు స్క్రూ, కొత్త రబ్బరు వాషరు వేయండి. వాషరు కొద్దిగా నొక్కుకుంటే చాలు, పక్కలకు పొంగేదాకా తిప్పితే చీలుతుంది.

అపోహ: కాలిన ఇంజను ఆయిలు పూస్తే కర్ర గుంజకు చెద రాదు.

ఆయిలు పైపైనే ఉంటుంది. రెండు వానలకు కొట్టుకుపోయి నేలను పాడుచేస్తుంది. గుంజ పుచ్చేది ఎప్పుడూ నేలమట్టం దగ్గర, ఒక జానెడు మేర. లోతున తడి ఉన్నా గాలి తక్కువ, పైన గాలి ఉన్నా తడి నిలవదు. రెండూ కలిసేది నేలమట్టం దగ్గరే. చుట్టూ సిమెంటు పోసి పైభాగం గుంటగా వదిలితే నీళ్లు నిలిచి గుంజ ఇంకా వేగంగా పుచ్చుతుంది. దిమ్మ నేల కన్నా అర అడుగు పైకి రావాలి, పైభాగం బయటికి వాలి ఉండాలి, దాని మీద ఇనుప చెప్పులో (కర్ర అడుగును పట్టి ఉంచే తొడుగులో) కర్ర నిలబెట్టాలి. చెద అప్పుడు దిమ్మ మీదుగా మట్టి గొట్టం కట్టుకుంటూ రావాలి, అది కంటికి కనిపిస్తుంది. నెలకోసారి చూసి గీకేయవచ్చు.

తాటి దూలాల విషయంలో ఒక మాట. మిగతా చెట్లకు చేవ లోపల ఉంటుంది, తాటికి బయట. తాటి మొద్దును చెక్కి నునుపు చేస్తే గట్టి భాగాన్నే పారేసినట్టవుతుంది. లోపలి మెత్తని పీచును తీసేసి నల్లటి చేవను మిగుల్చుకోవాలి.

అపోహ: ఎరువు బస్తాలు మూలకు చేర్చి గోడకు ఆనిస్తే భద్రం.

30 డిగ్రీల వేడిలో గాలి తేమ 73 శాతం దాటితే యూరియా గాలిలోని నీటిని లాక్కుంటుంది. తూర్పు వాన రోజుల్లో మన తీరంలో తేమ అంతకన్నా పైనే ఉంటుంది. ఒకసారి మూతి విప్పిన బస్తా గడ్డకట్టక తప్పదు. చెక్క బల్ల మీద, గోడకు అడుగు దూరంలో పేర్చి పాలిథిన్ కప్పాలి. మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ ఎరువు క్లోరైడు లవణం, దాని పొడి రేకు గోడ అడుగున పడితే సముద్రపు ఉప్పు చేసే పనే చేస్తుంది. పారలు, కత్తెరలు ఆ మూలకు దూరంగా మేకులకు వేలాడదీయాలి. వాన రోజుల్లో పాములు కూడా పొడి మూల వెతుక్కుంటూ వస్తాయి కాబట్టి నేల మీద సామాను ఎంత తక్కువ ఉంటే అంత మేలు.

చివరిగా స్టార్టరు. తూర్పు గోడకు బిగించకండి. పడమటి గోడకు, మధ్యలో వేలెడు సందు ఉండేలా చెక్క పలక మీద బిగించండి. తీగలు డబ్బా అడుగు నుంచి లోపలికి వెళ్లాలి, వెళ్లే ముందు కిందికి ఒక వంపు తిరగాలి, తీగ వెంట జారే నీరు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. ఉప్పు, బొగ్గు వేసిన ఎర్తు గుంత షెడ్డు గుంజకు కనీసం మీటరున్నర దూరంలో ఉండాలి. వరద నీరు డబ్బాలోకి చేరి ఉంటే స్తంభం దగ్గర కరెంటు తీయించండి. డబ్బా లోపల ఆరిందని ఎలక్ట్రీషియను చూసి చెప్పేదాకా మోటారు వేయకండి.